దొంగ వదిలివెళ్ళిన తలుపు

పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాకా అత్తగారు రకరకాల దొంగల్ని చూసింది. గుమ్మం ముందు చెప్పులు ఎత్తుకుపోయినవాళ్ళున్నారు, గోడకున్న గడియారం తీసుకుని మేకు కూడా పీక్కుపోయినవాళ్ళున్నారు. కానీ తుప్పు పట్టిన కారు తలుపు పట్టుకుపోయి, దాని బదులు శుభ్రమైన తలుపు పెట్టి వెళ్ళిన దొంగ మాత్రం ఇంతవరకూ ఆవిడకి తగల్లేదు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అంది మేస్త్రితో.

అత్తగారంటే ఆవిడ ఎవరికీ అత్త కాదు. అసలు పెళ్ళే చేసుకోలేదు. హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో, అడిగిన ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగి ముద్దాయిలకి కంటనీరు పెట్టించేదని తోటివాళ్ళు తగిలించిన పేరది. ఉద్యోగం వదిలినా పేరు వదల్లేదు.

మేస్త్రి అప్పటికే రెండుసార్లు చెప్పాడు. పాత కార్ల బాడీ బాగుచెయ్యడంలో తనని మించినవాడు లేడని ఆయనకి గట్టి నమ్మకం. అందుకని దొంగతనం గురించి కన్నా తన పనితనం గురించే ఎక్కువ చెప్పాడు. మూడోసారీ అక్కణ్ణుంచే ఎత్తుకున్నాడు.

"ఈ బండి నా దగ్గరికి వచ్చినప్పుడు చూడాలమ్మా మీరు. అడుగు రేకు జల్లెడ. కాలు పెడితే నేలకి తగిలేది. అంతా కోసి పారేసి కొత్త రేకు అతికించాను. అవతలి తలుపు నుజ్జయిపోతే దాని పైరేకు మొత్తం చేత్తో కొట్టాను. మిషనుకి ఇవ్వలేదు."

"పోయిన తలుపు సంగతి చెప్పు."

"దానికే వస్తున్నా. నిన్న మధ్యాహ్నం తాళం వేసి భోజనానికి ఇంటికెళ్ళాను. వెళ్ళేటప్పుడు డ్రైవరు వైపు తలుపు ఇదిగో, ఈ గోడకి ఆనించి ఉంది. చేత్తో నిమిరితే తుప్పు రాలేది. తిరిగి వచ్చేసరికి అది లేదు. అదే చోట, అదే ఏటవాలుగా, ఇది ఉంది."

గోడకి ఆనించి ఉన్న తలుపు వైపు ముగ్గురూ చూశారు. ముదురు ఆకుపచ్చ రంగు, అక్కడక్కడా సన్నగా బీటలు తీసింది. తుప్పు జాడ లేదు. పిడి కూడా మెరుస్తోంది. షెడ్డు మధ్యలో రెండు తలుపులూ ఊడదీసిన పాత కారు, తగరం పూతలతో, తుప్పు ఆపే రెడాక్సైడ్ మరకలతో, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"తాళం పగలగొట్టారా?"

"లేదమ్మా. వేసింది వేసినట్టే ఉంది."

"ఇంకేమైనా పోయాయా?"

"అదే కదా విడ్డూరం. కొత్తగా పూత వేయించిన బంపరు బల్ల మీదే ఉంది. దీపాల చట్రాలు ఉన్నాయి. నాకు అన్నం సయించలేదంటే నమ్మండి."

"అన్నం తిన్నాక కదా చూశావు."

"రాత్రి అన్నం," అన్నాడు మేస్త్రి.

మూడో మనిషి కారు సొంతదారు. పళ్ళ డాక్టరు. ముప్పై దాటని పిల్ల. స్టూలు అంచున, తనే పన్ను పీకించుకోడానికి వచ్చినట్టు బిగుసుకుని కూర్చుంది. అత్తగారిని పిలిపించింది ఆవిడే. మేస్త్రి పోలీసులకి చెబితే, డాక్టరమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డిటెక్టివ్‌కి చెప్పింది.

"ఇది మా నాన్న కారు మేడం. నాకు ఏడేళ్ళప్పుడు ఈ కారుతో సహా ఊరి బయట రిజర్వాయరులో పడిపోయారు. అవతలి తలుపు రాళ్ళకి నొక్కుకుపోయింది. ఇటువైపు తలుపు తుప్పుకి బిగుసుకుపోయి తెరుచుకోలేదు. అందుకే బయటికి రాలేకపోయారని పోలీసులు తేల్చారు." ఆగి, గోడ వైపు చూసింది. "ఆ తలుపే కదా అని వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడేదాన్ని. ఇప్పుడు అది లేదు. సంతోషించాలో భయపడాలో కూడా తెలీడం లేదు."

"కారు ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"బాబాయి గోడౌన్లో, టార్పాలిన్ కింద. అమ్మ నేను పుట్టినప్పుడే పోయింది. నాన్న కూడా పోయాక బాబాయీ పిన్నీ నన్ను పెంచారు. కారు బాగుచేయిస్తానంటే బాబాయికి ఇష్టం లేదు. పాత గాయాలు రేపుకోవడం ఎందుకమ్మా అన్నారు. నేనే పట్టుబట్టాను."

"ఈ షెడ్డుకి తాళంచెవులెన్ని?"

"రెండు," అన్నాడు మేస్త్రి, నడుముకి వేలాడుతున్నదాన్ని తడుముకుంటూ. "రెండోది డాక్టరమ్మకిచ్చాను. ఆదివారాలు వచ్చి బండి చూసుకుంటుంది."

"అది మా ఇంట్లో మేకుకి తగిలించి ఉంటుంది. పొద్దున కూడా అక్కడే ఉంది. నిన్న మధ్యాహ్నం నేను క్లినిక్‌లో ఉన్నాను. జ్ఞానదంతం ఒకటి ఎంతకీ ఊడి రాలేదు."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టున్నారు. అదే ఆవిడకి నచ్చలేదు. ఒక్కరైనా అబద్ధం చెబితే పట్టుకుని లాగడానికి ఒక కొస దొరికేది. తాళం పగల్లేదు కాబట్టి తాళంచెవి ఉన్నవాళ్ళే తీశారు. తీసినవాళ్ళు లాభపడలేదు సరికదా నష్టపోయారు. ఎటు నుంచి లెక్క వేసినా శేషం మిగులుతూనే ఉంది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. లోపలికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ని చూసి అత్తగారికి నోరు చేదెక్కింది. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసుల్లో చేరారు. ఆయన చదువుకుని పరీక్షలు రాసి పైకెక్కాడు, ఆవిడ గొడవపడి బయటికొచ్చింది. ఇన్నేళ్ళ కిందట ఈ కారు ప్రమాదం కేసు చూసింది కూడా ఆయనే. అప్పుడు ఎస్సై.

"అత్తగారూ, బాగున్నారా? ఈమధ్య తుప్పు కేసులు కూడా పడుతున్నారన్నమాట."

"మీరు మూసేసిన కేసులకి తుప్పు పడుతోంది ఇన్‌స్పెక్టర్ గారూ. ఎవరో ఒకరు తోమాలి కదా."

ఆయన నవ్వి మేస్త్రి వైపు తిరిగాడు. "ఇందులో తోమడానికేముంది? తుప్పు రేకుతో వేగలేక ఎక్కణ్ణుంచో సెకండ్ హ్యాండ్ తలుపు తెచ్చి పెట్టాడు. అడిగితే దొంగ మార్చాడంటున్నాడు. పదవయ్యా స్టేషనుకి."

"అలాంటివాడు మీకెందుకు ఫోను చేస్తాడు?" అంది అత్తగారు. "గమ్మున బిగించేసి, నేనే బాగుచేశానని ఊరంతా చెప్పుకునేవాడు. ఈయన సంగతి మీకు తెలీదు, ఆ అవకాశం ఒదులుకునే రకం కాదు."

మేస్త్రి అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక తల ఊపాడు. నిజానికి, ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు వరకూ ఆవిడకీ ఆ అనుమానమే ఉంది. తన అనుమానం ఆయన నోట వినగానే అది ఎంత పేలవంగా ఉందో తెలిసింది.

"స్టేషనుకి తర్వాత వెళ్దురుగాని. ముందు ఈ తలుపు కారుకి పట్టి చూద్దాం. కాస్త చెయ్యి వెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టి, అయిష్టంగా ఒక పక్క పట్టుకున్నాడు. నలుగురూ కలిసి తలుపు ఎత్తి బందుల దగ్గర సరిపెట్టారు. మేస్త్రి మేకులు దూర్చి, మెల్లగా తోశాడు. తలుపు వెళ్ళి చట్రంలో కూర్చుంది. చుట్టూ సందు ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. పైనుంచి కింద దాకా గోరు మందాన ఒకే గీత.

మేస్త్రి నోట మాటలు ఆగిపోయాయి. అంతసేపటిలో అది మొదటిసారి.

"తుప్పు తలుపు ఇలా కూర్చునేదా?" అని అడిగింది అత్తగారు.

"కూర్చోడమా? నెల రోజులు కుస్తీ పట్టాను దాంతో. పైన కలిస్తే కింద తెరుచుకునేది. బందుల కింద రేకు ముక్కలు పెట్టాను, తీశాను, సుత్తితో బతిమాలాను. నీళ్ళలో పడ్డప్పుడు బాడీయే ఒంకరపోయింది కాబోలనుకున్నాను. ఒంకర బాడీలో లేదన్నమాట."

"రంగు గీకు. ఇక్కడ తలుపు మీద కాస్త, అక్కడ బాడీ మీద కాస్త."

మేస్త్రి ఎమెరీ కాగితం తడిపి, తలుపు మూలన రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా రుద్దాడు. పచ్చరంగు కింద మీగడ రంగు, దాని కింద ఎర్రటి రెడాక్సైడ్, ఆ కింద ఇనుము. తర్వాత ఇంకా రంగు తియ్యని డాష్‌బోర్డు అంచున అలాగే రుద్దాడు. పచ్చ, మీగడ, ఎరుపు.

"తుప్పు తలుపుని ఎప్పుడైనా గీకావా?"

"మొదటి రోజే గీకాను. నా ఫోనులో ఫొటో ఉంది. ప్రతి పనికీ ముందు ఒకటి, తర్వాత ఒకటి తీస్తాను, నలుగురికీ చూపించడానికి." వెతికి చూపించాడు. పచ్చరంగు కింద మీగడ రంగు లేదు. ముదురు నీలం ఉంది.

డాక్టరమ్మ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అంటే... ఇది నాన్న కారుది. ఆ తుప్పుది వేరే కారుదా? నేను ఇన్నాళ్ళూ పరాయి తలుపు ముందు నిలబడి ఏడ్చానా?"

"అయితే మాత్రం ఏమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతులు తుడుచుకుంటూ. "ప్రమాదానికి ముందెప్పుడో తలుపు మార్పించుకుని ఉంటారు. పాతది ఎవరి దగ్గరో ఉండిపోయింది. ఇప్పుడు తెచ్చి ఇచ్చారు. పుణ్యాత్ములు."

ఆ మాటలో తప్పు అత్తగారికి దొరకలేదు. పుణ్యాత్ములైతే తలుపు తట్టి ఇవ్వచ్చు, దొంగలా రావడం ఎందుకు? తుప్పుది పట్టుకుపోవడం ఎందుకు? ఆవిడ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. అందరూ పోయిన తలుపు గురించే మాట్లాడుతున్నారని, వచ్చిన తలుపు లోపల ఏముందో ఇంతవరకూ ఎవరూ చూడలేదని అప్పుడు తట్టింది.

"లోపలి అట్ట ఊడదియ్యి," అంది మేస్త్రితో.

రెగ్జిన్ అతికించిన అట్ట మరలు తీస్తే తేలిగ్గానే వచ్చేసింది. దాని వెనక ఇనప చట్రంలో అరచెయ్యి పట్టేంత కంత ఉంది గానీ, తలుపు అడుగు కనబడదు. అత్తగారు వంగి, పడుకుని, మెడ తిప్పి చూసి నడుం పట్టుకుంది.

"ఉండండి మేడం," అని డాక్టరమ్మ తన సంచీలోంచి పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం తీసింది. నోట్లో వెనక పళ్ళు చూసే అద్దం. సన్న టార్చి వెలిగించి, అద్దాన్ని కంతలోంచి కిందికి దించింది.

"అడుగున బురద ఉంది. ఎండిపోయి పలకలు కట్టింది. అందులో... బియ్యపు గింజంత నత్తగుల్లలు. చాలా ఉన్నాయి."

"రోడ్డు మీద తిరిగే కారు తలుపులోకి నత్తలు రావు," అంది అత్తగారు. "ప్రమాదం నాడు నీళ్ళలో ఉన్నది ఈ తలుపే. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు పరీక్ష చేసింది ఏ తలుపు?"

"తుప్పుదే. లోపలి పిడి నేనే లాగి చూశాను. కదల్లేదు."

"ఎక్కడ చూశారు?"

ఆయన బల్ల మీది టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "గోడౌన్లో."

"నీళ్ళ దగ్గర కాదా?"

"క్రేనుతో తీసేసరికి చీకటి పడింది. అద్దం పగలగొట్టి శవాన్ని బయటికి లాగి ఆస్పత్రికి పంపాం. కారు వాళ్ళ తమ్ముడి గోడౌనుకి చేర్చమన్నాను. మర్నాడు పొద్దున వెళ్ళి చూశాను." ఒక్కో మాటా ఒక్కో మెట్టు దిగినట్టు దిగాడు. "అప్పటికి తలుపు తుప్పుగానే ఉంది. పాత కారు కదా అనుకున్నాను."

"ఆ గోడౌన్లో ఏముండేవమ్మా?"

"పాత కార్ల సామాన్లు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "బాబాయిది ఆ వ్యాపారమే."

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి తలుపు లోపలి పిడి లాగాడు. గడియ టక్కున వెనక్కి జరిగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ జరిగింది. వేళ్ళకి అంటిన తడి చూసుకున్నాడు. "నూనె వేశారు. ఇవాళ కదిలినంత మాత్రాన ఆ రోజు కదిలిందని ఏమిటి?"

"ఆ రోజు కదలకపోతే దీన్ని మార్చాల్సిన పనేముంది? కదిలింది కాబట్టే మార్చారు. ఈ తలుపు తెరుచుకుంటుందని తెలిస్తే మీరు ఒక ప్రశ్న అడిగేవారు. ఆ మనిషి తెరుచుకుని ఎందుకు రాలేదని."

"నాన్నకి ఈత వచ్చు," అంది డాక్టరమ్మ. "నాకు నేర్పింది ఆయనే."

"ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయని రిపోర్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెటకారం పోయింది. "అంటే నీళ్ళలో పడ్డప్పుడు బతికే ఉన్నాడు."

"బతికే ఉన్నాడు. మెలకువగా ఉన్నాడని ఎవరన్నారు?"

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. "బాబాయి నాకు జడ వేసేవారు మేడం. పిన్నికి పొద్దున్నే కుట్టుపని ఉండేది. ఎనిమిదేళ్ళు రోజూ ఆయనే జడ వేసి బడికి పంపారు. రిబ్బను కుదరకపోతే విప్పి మళ్ళీ కట్టేవారు. మీరు చెబుతున్న మనిషీ ఆ మనిషీ ఒక్కరెలా అవుతారు?"

ఆయన ఎందుకు చేశాడో అత్తగారికి తెలీదు. తెలిసింది ఒక్కటే, అది కూడా సగమే. తలుపు మార్చినవాడు దాన్ని దాచుకోడు, ముక్కలు చేసి పారేయిస్తాడు. మరి ఇది ఇన్నేళ్ళు ఎవరి దగ్గరుంది? ఎవరు తెచ్చారు?

"ఆ అద్దం ఇంకోసారి దించమ్మా. బురద మీద ఏమైనా పడి ఉందేమో చూడు."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని వంగింది. కాసేపటికి పట్టకారు లోపలికి పోనిచ్చి, ఏదో పట్టుకుని పైకి తీసింది. దారం ముక్క. చిలకపచ్చది. తర్వాత ఎర్రది, పసుపుది, ఒక జరీ పోగు. చివరికి వేలి కొనంత నీలం సుద్ద ముక్క, గుడ్డల మీద గీత గీసేది. అన్నీ మేస్త్రి బల్ల మీద తెల్ల కాగితంపై వరసగా పెట్టింది. అత్తగారు గడియ మీది నూనె వేలితో తీసి వాసన చూసింది. కారు నూనెలా జిడ్డు వాసన లేదు. పల్చగా, నీళ్ళలా ఉంది.

"కుట్టుమిషను నూనె," అంది.

డాక్టరమ్మ దారాల వైపే చూస్తోంది. "పిన్ని గుడ్డలు కత్తిరించే బల్ల కింద తెర కట్టి ఉంటుంది. చిన్నప్పుడు దాక్కుందామని వెళ్తే రానిచ్చేది కాదు. సూదులుంటాయి, గుచ్చుకుంటాయి అనేది. మొన్న ఇల్లు సర్దుదామంటే కూడా ఆ తెర జోలికి వెళ్ళనివ్వలేదు." తలెత్తింది. "తాళంచెవి ఉండే మేకు ఆ గది గుమ్మం పక్కనే."

అత్తగారికి అప్పటిదాకా అడ్డదిడ్డంగా ఉన్నవన్నీ ఒక వరసలోకి వచ్చి నిలబడ్డాయి. భర్త ఆ రాత్రి తీసి పారేసిన తలుపుని భార్య ఎలాగో తెచ్చి దాచింది. ఇన్నేళ్ళూ దాని పైనున్న బల్ల మీదే గుడ్డలు కత్తిరించింది, రాలిన దారాలు అద్దం సందులోంచి తలుపులోకి పోయాయి.

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా," అంది డాక్టరమ్మ.

"చెప్పే ధైర్యం లేకే ఏ ఆటోవాడి సాయంతోనో తలుపు పంపింది. తుప్పుది కూడా ఇక్కడే ఉంచేస్తే ఇదేదో స్పేరు తలుపనుకుని మేస్త్రి మూల పడేసేవాడు. ఒకటి పోతేనే పోలీసులొస్తారు. నాకు అర్థం కానిదల్లా, ఇన్నేళ్ళు ఆగి నిన్ననే ఎందుకు?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "మరేమో, పోయిన వారం వాళ్ళ బాబాయిగారు వచ్చారమ్మా. ఆ తుప్పు తలుపు పాత ఇనుముకి వేసెయ్యి, కొత్తది చేయించు, అమ్మాయికి చెప్పకు, బాధపడుతుంది అన్నారు. సామాన్లవాణ్ణి ఇవాళే రమ్మన్నాను."

"అందుకే నిన్న, ఇవాళైతే తుప్పుది మిగలదు. మూడుసార్లు చెప్పించుకున్నాను. ఇది చెప్పలేదే?"

"అది నా పనిలో భాగం కాదు కదమ్మా."

అత్తగారు ఆయన్ని వదిలేసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఆయన టోపీ చేతిలో పట్టుకుని, పెట్టుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"ఏమిటి?"

"ఇక్కడికి బయల్దేరే ముందు ఆయనకి ఫోను చేశాను. కుటుంబ పెద్ద కదా, చెబితే మర్యాదగా ఉంటుందని."

"ఏం చెప్పారు?"

"తుప్పు తలుపు పోయింది, దాని చోట మంచిదొకటి ఎవరో పెట్టారని."

"ఆయనేమన్నాడు?"

"పచ్చరంగుదేనా అని అడిగాడు. అవునన్నాను. థాంక్సండీ అని పెట్టేశాడు."

డాక్టరమ్మ అప్పటికే పిన్నికి ఫోను కలిపింది. అత్తగారు సైగ చేస్తే స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తారు. కానీ అది ఆడ గొంతు కాదు.

"ఏం తల్లీ, క్లినిక్ లేదా ఇవాళ?" అన్నాడు బాబాయి. గొంతు ఎప్పటిలా మెత్తగా ఉంది. వెనక కారు ఇంజను చప్పుడు.

"పిన్ని ఏది బాబాయ్?"

"ఒంట్లో బాగాలేదంది. కళ్ళు తిరుగుతున్నాయంటే మాత్ర వేశాను. డాక్టరుకి చూపిద్దామని బయల్దేరాం. వెనక సీట్లో పడుకుంది, మంచి నిద్రలో ఉంది. లేపనా?"

అత్తగారు వద్దని చెయ్యి ఊపింది.

"ఏ డాక్టరు?"

"నీకు తెలీదులే అమ్మా. ఊరి బయట ఉంటాడు. నువ్వు వేళకి అన్నం తిను." ఫోను ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ పరుగున జీపు దగ్గరికి చేరి, వైర్‌లెస్‌లో బాబాయి కారు నంబరు అడుగుతున్నాడు, రిజర్వాయరు దారి మూయించమంటున్నాడు. అత్తగారు డాక్టరమ్మ భుజం పట్టుకుని లేవదీసింది. ఆ పిల్ల కదల్లేదు. చేతిలో ఆరిపోయిన ఫోనునే చూస్తూ, ఎవరితోనో మామూలు సంగతి చెబుతున్నట్టు అంది.

"పిన్ని వెనక సీట్లో కూర్చోదు మేడం. ఎప్పుడూ కూర్చోలేదు. తనకి వెనక కూర్చుంటే వాంతులవుతాయని బాబాయికి తెలుసు."